నా పేరు మీద ఒక రాయి

చూడనిదాన్ని చూశానని చెప్పాను. కానీ జరిగింది నిజంగా అదే అయి ఉంటే, నేను చెప్పింది అబద్ధమవుతుందా? ఈ అనుమానం ఏళ్ల తరబడి నా వెంట ఉంది. పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని, అరచేతిలో పత్తి పరిచి వత్తి చేస్తున్నప్పుడల్లా వచ్చేది. గుళ్లో పురాణం చెప్పే పంతులుగారిని అడుగుదామని ఒకటి రెండుసార్లు అనుకున్నాను. ఏం చూశావమ్మా అని ఆయన తిరిగి అడిగితే చెప్పాలి కదా. అందుకని అడగలేదు. వత్తులు నూనెలో తడిపి, ఇత్తడి కుందిలో వేసి, వెలిగించి లేచేదాన్ని. లేచాక అనుమానానికి తీరిక ఉండేది కాదు. నీళ్లొచ్చే వేళకు మోటారు వేయాలి, మా ఆయన మొదటి షిఫ్టుకు వెళ్లేలోగా టిఫిను డబ్బా కట్టాలి, అత్తమ్మకు వేణ్ణీళ్లు తోడాలి, పిల్లల్ని బడికి తయారు చేయాలి.

ఇత్తడి కుంది అన్నాను. అంతకు ముందు వెండిది ఉండేది. మా అమ్మది. పెళ్లయి జనగామ నుంచి నాచారం వస్తున్నప్పుడు అమ్మ తన పూజగూట్లోంచి తీసి, చింతపండుతో తోమి, నా ఒళ్లో పెట్టింది. జానెడు ఎత్తుంటుంది. అడుగున ఒక పక్క సొట్ట. చిన్నప్పుడు కడుగుతూ నేనే బండ మీద పడేశాను. అత్తగారింట్లో నాదీ అని చెప్పుకునే వస్తువు అదొక్కటే. మిగిలినవన్నీ 'మన' వస్తువులు. ఆ మాటకు అర్థం ఏ కోడలికైనా ఏడాది తిరగకుండానే తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో మా గల్లీకి దుర్గమ్మ అనే ఆమె వచ్చేది. భుజాన తన కంటే పెద్ద సంచి. చిత్తుకాగితాలు, ప్లాస్టిక్, రేకు ముక్కలు ఏరుకునేది. "అమ్మా, ప్యాకెట్లూ" అని గేటు దగ్గర కేక వేస్తే, కడిగి ఆరబెట్టిన ఖాళీ పాలప్యాకెట్లు తెచ్చి ఇచ్చేదాన్ని. ఎండాకాలం మంచినీళ్లు అడిగేది. ఇచ్చేదాన్ని, కానీ ఆ గ్లాసు వేరు. తులసికోట వెనక బోర్లించి ఉండేది. ఆ గ్లాసును ఎప్పుడూ తప్పనుకోలేదు నేను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

నీళ్లు తాగుతూ దుర్గమ్మ వాళ్ల సంగతులు చెప్పేది. నాచారం చెరువు వెనక ఖాళీ జాగాలో వాళ్ల గుడిసెలు. మా కాలనీ గల్లీలన్నీ వాళ్లలో వాళ్లు పంచుకున్నారట. ఒకరి గల్లీలో ఇంకొకరు సంచి ఎత్తకూడదు. గేటు లోపలిది ముట్టకూడదు. పిలిస్తే తప్ప గేటు దాటకూడదు.

"మరి ఫ్యాక్టరీల దగ్గర రాత్రిపూట ఇనుము పోతదంటరు గదా?" అని అడిగాను ఒకసారి.

దుర్గమ్మ నవ్వింది. "గది ఫ్యాక్టరోళ్లకు, మావోళ్లకు నడుమ ముచ్చటమ్మా. దొరికితె తంతరు, తన్నులు తింటరు. ఇండ్ల మీద పడ్డమనుకో, రేపటి సంది ఏ గల్లీల గూడ అడుగు పెట్టనియ్యరు. ఒక్కదాని చెయ్యికి వందమంది కడుపులు కాల్తయి."

పోలీసుల దాకా పోనివ్వరట ఏదీ. పోలీసులు వస్తే గుడిసెలన్నీ ఊడ్చుకుపోతారు, చేసినవాళ్లూ చేయనివాళ్లూ అని ఉండదు. అందుకే వాళ్ల పంచాయితీ వాళ్లే చెప్పుకుంటారు. వెంకటనర్సమ్మ అని ముసలామె ఉందట, ఆమె మాటే తీర్పు.

రెండువేల నాలుగు, శ్రావణ మాసం. ఆ శుక్రవారం పొద్దున నోముకు ఇల్లు సర్దుతూ, వరండాలో పేరుకున్న పాతపేపర్లు తీసుకుపొమ్మని దుర్గమ్మను నేనే లోపలికి పిలిచాను. పూజగూడు వరండా పక్క గదిలోనే. ఆమె పేపర్లు కట్టుకుని పోయింది. సాయంత్రం దీపం పెట్టబోతే కుంది లేదు.

అత్తమ్మ వెంటనే అంది, "ఇంకెవరు? గా సంచిదే."

మా ఆయన ఉమాపతి పోలీస్ స్టేషనుకు పోతానని చొక్కా తొడుక్కున్నాడు. ఆ మాట గల్లీలో ఎలా పాకిందో, చీకటి పడకముందే వెంకటనర్సమ్మ మా గేటు బయటికొచ్చి నిలబడింది. చేతిలో కర్ర, మెడలో పొగాకు సంచి.

"సారూ, పోలీసుల కాడికి పోకున్రి. మాదాంట్ల మేము తేల్చుకుంటం. తీసిందైతె మీ వస్తువు మీకొస్తది. ఆదివారం పొద్దుగాల ఇంటి ఆడమనిషి మా కాడికొచ్చి మాట పెట్టాలె."

"నేనొస్త," అన్నాడు ఆయన.

"దీపం ముట్టిచ్చేది నువ్వా?"

ఆయన వెనక్కి తగ్గాడు. స్టేషను చుట్టూ తిరిగే కంటే ఇదే నయమనుకున్నట్టున్నాడు, చొక్కా విప్పేశాడు.

ఆదివారం నేను బయల్దేరుతుంటే అత్తమ్మ వంటింటి గడప దాకా వచ్చి మెల్లగా చెప్పింది, "కండ్లతోటి సూసిన అని చెప్పు పిల్లా. గట్ల చెప్పకుంటె ఆళ్లు నమ్మరు."

గుడిసెల మధ్య వేపచెట్టు కింద ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. గల్లీలు తిరిగే ఆడవాళ్లు ముందు కూర్చున్నారు, రిక్షాలు లాగే మగవాళ్లు వెనక. ఒక మొండిగోడ వారగా గులకరాళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్కరి ఫిర్యాదట.

"ముందుగాల నీ పేరు చెప్పు తల్లీ," అంది వెంకటనర్సమ్మ.

"ఉమాపతి గారి భార్యను."

"గది మాకెర్కే. నీ పేరు."

పెళ్లయిన పదకొండేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. అత్తమ్మకు పిల్లను, ఆయనకు 'ఏమే'ను, పిల్లల బడిలో ఫలానా వాళ్ల మమ్మీని. "త్రిపురసుందరి," అన్నాను.

"అబ్బ, గంత పొడుగు పేరుకు గింత రాయి సాల్తదా?" అని వెనక ఎవరో అంటే అందరూ నవ్వారు. ముసలామె కర్రతో నేల మీద కొట్టింది. "మాట నడుమ మాట పడొద్దు. ఇది ఈడి కాయిదా. ఆమె చెప్పుడు అయ్యేదాంక ఎవ్వలు నోరు తెరువొద్దు."

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ అడ్డు రాలేదు. మా ఇంట్లో నేను ఏ మాటా చివరిదాకా చెప్పి ఎరగను. సగంలో ఉండగానే "సరే సరే" అంటాడు ఆయన, "నీకేం తెల్సు" అంటుంది అత్తమ్మ. ఇక్కడ నలభై మంది నా నోటి వంక చూస్తూ కూర్చున్నారు. ఊపిరి తీసుకోవడానికి ఆగితే వాళ్లూ ఆగారు. నాకు ఏడుపు వచ్చేంత హాయి అనిపించింది, అది గుర్తుంది నాకు.

"కండ్లార సూసినవా?" అంది ముసలామె చివరికి.

"చూసిన," అన్నాను. "గూట్లకెల్లి తీసుడు చూసిన."

నా బతుకులో మొదటిసారి నలుగురు నా మాట పూర్తిగా విన్నారు. ఆ మాటను నేను అలా ఖర్చు చేశాను.

దుర్గమ్మ లేచి నిలబడింది. ఆరేడేళ్ల కూతురు రాణి ఆమె కొంగు పట్టుకుని ఉంది. "నేను తియ్యలే. గంతే నా మాట. నువ్వు పిలిస్తెనే గేటు దాటినమ్మా, గదన్న చెప్పు."

"అవును, నేనే పిలిచిన," అన్నాను. అది ఒక్కటే నిజం నేనక్కడ చెప్పింది.

వెంకటనర్సమ్మ నా చేతుల వంక చూసింది. తర్వాత అంది, "దీపం పెట్టే చెయ్యి. అబద్ధమెందుకు చెప్తది?" నా చేతికి ఒక రాయి ఇచ్చింది. వరసలో చివర పెట్టాను.

ఆ రాయి అక్కడున్నన్నాళ్లూ దుర్గమ్మకు మా గల్లీలు లేవు. వాళ్ల తూకం దగ్గర ఆమె సంచి దించనివ్వరు. "పెట్టినోళ్లు తప్ప వేరేటోళ్లు రాయి ముట్టరాదు," అని ముసలామె నాకు నియమం చెప్పింది. "అబద్ధపు మాట అని తేలితె, పెట్టినోళ్లే ఎత్తాలె, ఒక పూట ఆమె సంచి మొయ్యాలె. గది మాలో మాకు. నువ్వు బయటిదానివి, నీ మీద జోర్ లేదు."

కుంది దొరకలేదు. మా ఆయన ఇత్తడిది తెచ్చి, "దీపం దీపమే గదనే" అన్నాడు. మా గల్లీకి వేరే ఆమె రావడం మొదలుపెట్టింది. దుర్గమ్మ అప్పుడప్పుడూ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర కనపడేది. హబ్సిగూడ హాస్టళ్ల వెనక సీసాలు ఏరుకుని, ఎక్కడో దూరాన దుకాణంలో వేసి వస్తుందట. ఒకసారి బస్టాపులో ఎదురుపడ్డాం. నేను తల తిప్పుకునేలోగానే, "మంచిగున్నవా అమ్మా" అని అడిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి లలితా సహస్రనామం మధ్యలో తప్పాను. మళ్లీ మొదటి నుంచి చదివినా మళ్లీ అక్కడే తప్పాను. తీసిందేమో, తీసే ఉంటుంది, తీసుంటే నా మాటలో తప్పు లేదు. అలా సర్ది చెప్పుకుంటూ ఎనిమిదేళ్లు గడిపాను.

పోయిన కార్తీకంలో మా ఆడబిడ్డ పద్మశ్రీ చెంగిచెర్లలో కొత్త ఇంట్లో వ్రతం చేసుకుంది. అంతకు ముందు వాళ్ల పూజగూడు నేను చూసింది లేదు. పొద్దుటి నుంచి వంట నాదే. ముప్ఫైమందికి పులిహోర కలిపి, చేతులు కడుక్కుని, హారతి వేళకు పీట దగ్గరికి వచ్చాను. పీట మీద జానెడు ఎత్తు వెండి కుంది వెలుగుతోంది. అడుగున ఒక పక్క సొట్ట.

అందరూ హారతి పాట పాడుతున్నారు. నేనూ పాడాను. మా అమ్మ చెయ్యి కనపడింది నాకు ఆ వెలుగులో, ఆ వెనకే కొంగు పట్టుకున్న రాణి కనపడింది.

వంటింట్లో అత్తమ్మను అడిగాను. ఆమె తడబడలేదు. "నేనే ఇచ్చిన. బిడ్డ అప్పుడు కిరాయింట్ల కొత్త కాపురం పెట్టె, దేవుని ముందట వెండి లేకుంటె ఎట్ల? నా కొడుకింట్ల వస్తువు నా బిడ్డకిచ్చుకుంటె దొంగతనమైతదా?"

"మరి దుర్గమ్మ?"

"ఎవరు దుర్గమ్మ?" అంది. నిజంగానే గుర్తు లేదు ఆమెకు.

ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మా ఆయనతో చెప్పాను. ఆయన వెనక్కి తిరగలేదు. "నాకు తెల్సు. మరుసటేడే తెల్సు. పెద్దమనిషి ఇజ్జత్ తీసుకుంటమా? ఇంటి వస్తువు ఇంటోళ్ల కాన్నే ఉన్నది, ఫికర్ ఏంది?"

దారంతా ఆలోచించాను. నేను చెప్పిన అబద్ధానికి ఇన్నాళ్లూ కప్పుకున్న బట్ట ఆ రోజుతో పోయింది. అయినా వెంటనే వెళ్లలేదు. ఇది కూడా రాయాలి. సంక్రాంతి పోయాక అనుకున్నాను, పిల్లల పరీక్షలయ్యాక అనుకున్నాను. రోజూ దీపం పెట్టాను.

ఆషాఢం చివర, రాష్ట్రం ఇస్తున్నట్టు ఢిల్లీలో ప్రకటించిన వారం. కాలనీ అంతా పటాకులు కాల్చారు. మా ఆయన మిఠాయి డబ్బా తెచ్చి అందరికీ పంచుతూ, "మన రాజ్యం మనకొస్తున్నది. ఇగ మన సంగతి మనమే చూసుకుంటం, ఎవ్వని ముందట చేతులు కట్టుకునేది లేదు," అన్నాడు. నాకూ సంతోషమే. మిఠాయి దేవుడి ముందు పెట్టి వస్తుంటే గేటు బయట కర్ర చప్పుడు వినపడింది.

వెంకటనర్సమ్మ బాగా వంగిపోయింది. కళ్లు సరిగా ఆనడం లేదు. "పొడుగు పేరు తల్లి ఇల్లు ఇదేనా?" అంది.

"అవునవ్వా."

"మా జాగకు ఓనరొచ్చిండు. గోడ కడ్తరట. ఆదివారం ఖాళీ జేసి తలా ఓ దిక్కు పోతున్నం. రాళ్లు పెట్టినోళ్లందరికి చెప్పొస్తున్న. నీదొకటి ఉన్నది. జాగ ఇడిసిపెట్టేనాటికి ఎత్తని రాయి, తల్లి పేరు మీంచి బిడ్డ పేరు మీదికి పోతది. దుర్గమ్మ బిడ్డ రాణి ఇప్పుడు సంచి పట్టుకుంటున్నది. రాయి ఉంటె మావోళ్లు ఆ పిల్లకు ఎక్కడ గూడ గల్లీ ఇయ్యరు." కర్ర చెయ్యి మార్చుకుని అంది, "ఎత్తుతవో ఎత్తవో నీ ఇష్టం. చెప్పుడు మా ధర్మం."

నీళ్లు తెచ్చాను, మేం తాగే గ్లాసులో. ఆమెకు ఆ తేడా తెలియదు. తాగి, గ్లాసు గోడ మీద పెట్టి పోయింది.

ఆదివారం పొద్దున దీపం పెట్టి, మా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను. "నేను చెరువు వెనకకు పోతున్న. ఆ రాయి..."

"పిచ్చి లేసిందా?" పేపరు దించాడు. "చిత్తుకాగితాలోళ్ల ముందట నిలబడి మా అమ్మ దొంగ అని చెప్తవా? ఇరవై ఏండ్ల సంది ఈ కాలనీల..."

"మాట నడుమ మాట వెయ్యకున్రి. నేను చెప్పుడు కాలే."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గట్టిగా కూడా అనలేదు. ఆయన ఆగిపోయాడు.

"ఆ రాయి నేను పెట్టిన. నేను తప్ప ఎవ్వలు తియ్యరాదు. తీసేటప్పుడు ఎందుకు తీస్తున్ననో చెప్పాలె. నాకు తెల్సిందంత చెప్త. ఇప్పుడు అయిపోయింది, మీరు చెప్పున్రి."

"పో," అన్నాడు పేపరు మళ్లీ ఎత్తుతూ. "మళ్ల ఈ గడప ఎట్ల తొక్కుతవో గది గూడ ఆలోచన జేస్కో."

సగం గుడిసెలు అప్పటికే విప్పేశారు. కర్రలు, రేకులు ఆటోట్రాలీలోకి ఎక్కిస్తున్నారు. వేపచెట్టు కింద ముసలామె, చుట్టూ పదీ పదిహేనుమంది. దుర్గమ్మ ఒక పక్కన నిలబడి ఉంది. తల నెరిసింది. పక్కన రాణి, తల్లి కంటే పొడుగు.

గోడ వారన మూడే రాళ్లు మిగిలాయి. నాది గుర్తుపట్టి ఎత్తాను.

"దీపం దుర్గమ్మ తియ్యలే. మా అత్తమ్మ తీసి తన బిడ్డకిచ్చింది. నేను చూడలే. చూసిన అని చెప్పిన. చెప్పమన్నది అత్తమ్మ, చెప్పింది నా నోరు. నాకు తెలిసి గూడ తొమ్మిది నెలలైంది. అప్పుడు గూడ రాలే."

చెప్పడం అయిందని నిలబడ్డాక వెంకటనర్సమ్మ చెయ్యి చాచి రాయి తీసుకుని పక్కన పడేసింది. రాణి దాన్ని తీసి, గాలికి ఎగురుతున్న ప్లాస్టిక్ కవరు మీద బరువుకు పెట్టింది.

"ఇగ పో తల్లీ," అంది ముసలామె.

"సంచి ఉన్నది గదవ్వా."

"గది నీకు లేదంటిని."

దుర్గమ్మ వంక చూశాను. ఆమె ముఖంలో కోపం లేదు, క్షమించిన గుర్తూ లేదు. భుజం మీది సంచి దించి నేల మీద పెట్టింది. నేను ఎత్తుకున్నాను.

"అమ్మా, ఈమెకు రేకేదో తగరమేదో ఎర్కనా?" అంది రాణి.

"నేర్సుకుంటది," అంది దుర్గమ్మ. "ముడి మెడకాడికి రానియ్యకు, భుజం మీదికి జరుపు."

మా కాలనీలోకే నడిచాం. ఆ గల్లీలు ఇప్పుడు మళ్లీ ఆమెవి. తొమ్మిదేళ్ల తర్వాత ఆమె ఆ మలుపులన్నీ తడుముకోకుండా తిరిగింది. సీసా కనపడితే వంగి తీసేది, నేను సంచి మూతి పట్టేదాన్ని. కుళ్లిన అన్నం వాసన, పాల వాసన. మా వెనకింటి గుంటూరావిడ అరుణకుమారి ముగ్గు వేస్తూ తలెత్తింది.

"ఏంటండీ ఇది? మొక్కా?"

"అవునండీ," అన్నాను. "పాత మొక్కు."

ఆవిడ చేతులు జోడించినంత పని చేసి, లోపలికి వెళ్లి రెండు నూనె డబ్బాలు తెచ్చి సంచిలో వేసింది.

"దీపం ఏమాయె మరి?" అని అడిగింది దుర్గమ్మ దారిలో.

"చెంగిచెర్లల్నే ఉన్నది."

"అడగలేవా?"

"ఇప్పటిదాంక అడగలే. ఇగ అడుగుత."

మా గేటు వచ్చింది. దుర్గమ్మ బయటే ఆగిపోయింది, గేటు గీతకు అడుగు దూరంలో. నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను. కిటికీలో మా ఆయన పేపరు కనపడింది. కాసేపు ఎవరూ రాలేదు. నేనే కేక వేశాను, వాళ్లు వేసినట్టే.

"అమ్మా, ప్యాకెట్లూ."

తలుపు తీసుకుని అత్తమ్మ వచ్చింది. చేతిలో నేను కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్ల కట్ట ఉంది. నన్ను చూసి మెట్టు మీదే ఆగిపోయింది.

"ఇంట్లకు రా పిల్లా. నలుగురు చూస్తున్నరు."

"పూట కాలే అత్తమ్మా." సంచి మూతి తెరిచి పట్టుకున్నాను.

ఆమె దుర్గమ్మ వంక చూసింది. ఎవరో ఇప్పుడు గుర్తుకొచ్చినట్టుంది. మెల్లగా మెట్లు దిగి గేటు దాకా వచ్చి, ప్యాకెట్ల కట్ట సంచిలో వేసింది. కిటికీలో పేపరు కదలలేదు.

ఇంకా నాలుగు గల్లీలు మిగిలాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి భుజం ఒరుసుకుపోయింది. చెరువు వెనకకు తిరిగొచ్చేటప్పటికి ఆటోట్రాలీ బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. తూకం కాటా ఇంకా ఎక్కించలేదు, దుర్గమ్మ సంచి కోసమే ఆపినట్టున్నారు.

"నడుం వంచకు, పట్టేస్తది. మోకాళ్లు వంచి దించు," అంది దుర్గమ్మ.

మోకాళ్లు వంచాను. సంచి కాటా మీదికి దిగింది. ఆమె తన చేత్తో ముడి సర్దుతూ, నా వంక చూడకుండానే అంది.

"తీరిందిపో, త్రిపురసుందరమ్మా."